మౌనం అర్ధాంగీకారమా?

1

మౌనం అర్ధాంగీకారం అంటారు. పెళ్ళి మాటల్లోనూ, వూరి తగవుల్లోనూ ఈ సామెత చెల్లుతుంది. అడిగినదానికి బదులు చెప్పని మనిషి సగం ఒప్పుకున్నట్టే లెక్క. మిగిలిన సగాన్ని పెద్దలు నయానో భయానో రాబట్టుకుంటారు. కాని మన శాసన వ్యవస్థలో ఒకచోట ఈ సామెత తలకిందులవుతుంది. రాష్ట్ర శాసనసభ ఒక బిల్లును ఆమోదిస్తుంది. అది గవర్నరు దగ్గరకు వెళుతుంది. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపిస్తాడు. అక్కడనుంచి ఔనన్న మాట రాదు, కాదన్న మాటా రాదు. బిల్లు చట్టం కాకుండానే వుండిపోతుంది. అంటే ఇక్కడ మౌనం సగం అంగీకారం కాదు, పూర్తి నిరాకరణ. పైగా, తాము నిరాకరించామని ఎవరూ ఒప్పుకోనక్కరలేని నిరాకరణ.

దేశాధిపతికి వున్న ఈ నిషేధాధికారాన్ని, అంటే వీటోను, న్యాయవాదుల వ్యవహారమని మనం పక్కన పెడుతూ వచ్చాం. ఇది సరికాదు. పదిమంది చేసిన నిర్ణయాన్ని ఒక మనిషి ఆపవచ్చునా? ఆపితే ఏ నైతికాధికారంతో ఆపాలి? ఆపుతున్నానని చెప్పకుండా ఆపడం ఎటువంటి పని? ఇవి మొదట నీతికి సంబంధించిన ప్రశ్నలు, ఆ తర్వాతనే రాజ్యాంగ శాస్త్రానికి సంబంధించినవి. కృష్ణా డెల్టాలో భూమి చట్టాలు నడిచిన తీరు తెలిసినవారికి ఇవి అన్నానికి సంబంధించిన ప్రశ్నలు కూడా.

2

వీటో లాటిను మాట. 'నేను నిషేధిస్తున్నాను' అని దాని అర్థం. ఈ అధికారాన్ని మొదట సంపాదించుకున్నది రాజులు కాదు, పేదలు. సంప్రదాయ చరిత్ర ప్రకారం క్రీ. పూ. 494లో, అప్పుల బాధ భరించలేక రోము నగరంలోని సామాన్య జనం వూరు విడిచి కొండమీదకు వెళ్ళి కూర్చున్నారు. పనిచేసేవాళ్ళూ యుద్ధం చేసేవాళ్ళూ లేక కులీనులు దిగివచ్చారు. అప్పుడు సామాన్యులు సాధించుకున్నది ట్రిబ్యూను పదవి. కులీనుల అధికారులు చేసే పనికి ట్రిబ్యూను అడ్డు చెబితే ఆ పని ఆగిపోవలసిందే. అయితే ఈ అధికారానికి కొన్ని కట్టుబాట్లు వుండేవి. ట్రిబ్యూను తానే స్వయంగా వచ్చి అడ్డు చెప్పాలి. రాత్రిపూట నగరం వెలుపల వుండరాదు. ఆపదలో వున్నవాడు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి అతని ఇంటి తలుపులు రేయింబవళ్ళు తెరిచే వుండాలి. కాదనే హక్కు వున్నవాడు జనానికి కనబడుతూ వుండాలన్నమాట.

అదే ఆయుధం క్రీ. పూ. 133 నాటికి చేతులు మారింది. ఆ సంవత్సరం టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూను భూపరిమితి శాసనం తెచ్చాడు. ప్రభుత్వ భూమిలో ఎవరూ 500 యూగెరాలకు, అంటే సుమారు 310 ఎకరాలకు, మించి అనుభవించరాదనీ, మిగులును పేదలకు పంచాలనీ దాని సారాంశం. దానిని ఆపినవాడు ఆక్టేవియస్. అతడూ ట్రిబ్యూనే. అతనికీ ప్రభుత్వ భూమి చాలా వున్నదని ప్లూటార్కు రాశాడు. పేదల రక్షణకోసం పుట్టిన 'నిషేధిస్తున్నాను' అన్న మాట భూస్వాముల రక్షణకు వుపయోగపడింది. గ్రాకస్ ప్రజాసభ చేత ఆక్టేవియస్‌ను పదవినుంచి తొలగించి చట్టం నెగ్గించుకున్నాడు. ఆ ఏడాదే సెనేటు పక్షంవారు అతన్ని కొట్టి చంపారు. నిషేధాధికారానికి తనదంటూ ఒక పక్షం లేదు. పట్టుకున్న చేతిని బట్టి దాని పక్షం మారుతుంది. దీనిని మనం మరచిపోరాదు.

తర్వాతి కాలంలో అది రాజుల సొత్తయింది. ఇంగ్లండులో రాజు ఒక బిల్లును తోసిపుచ్చదలిస్తే 'కాదు' అనేవాడు కాడు. 'రాజుగారు ఆలోచిస్తారు' అనే అర్థమిచ్చే నార్మన్ ఫ్రెంచి వాక్యాన్ని పార్లమెంటులో చదివేవారు. మన ఆఫీసుల్లో 'చూద్దాం లెండి' అన్నమాటకు తాతగారు ఇదే. అక్కడ చివరిసారి ఈ అధికారం వాడినది 1708లో, స్కాట్లండు సైనికదళం బిల్లు మీద, ఆన్ రాణి. ఆ తర్వాత ఏ రాజూ రాణీ సమ్మతిని నిరాకరించలేదు. ఫ్రాన్సులో 1791 రాజ్యాంగం పదహారో లూయీకి బిల్లును కొంతకాలం నిలిపివుంచే హక్కు ఇచ్చింది. విప్లవ ప్రతిఘాతకుల మీద తెచ్చిన శాసనాలను అతడు దానితో నిలిపాడు. పారిస్ జనం అతనికి 'వీటో దొర' అని పేరు పెట్టారు. 1792 ఆగస్టులో ఆ దొరతనమే కూలిపోయింది.

అమెరికా రాజ్యాంగం దీనికి కొన్ని షరతులు పెట్టింది. అధ్యక్షుడు ఆదివారాలు మినహాయించి పదిరోజుల్లో చెప్పాలి. కాదంటే కారణాలు రాతపూర్వకంగా చెప్పి బిల్లును తిప్పి పంపాలి. ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతులమంది మళ్ళీ ఆమోదిస్తే అధ్యక్షుడి మాట చెల్లదు. 1947లో కార్మిక సంఘాల కాళ్ళకు సంకెళ్ళు వేసే టాఫ్ట్-హార్ట్లీ బిల్లును ట్రూమన్ వీటో చేశాడు. మూడు రోజుల్లో కాంగ్రెసు ఆ వీటోను తోసివేసింది. ఇక్కడ అధ్యక్షుడి నిరాకరణ కార్మికుల వైపు, ప్రతినిధుల సభల నిర్ణయం యజమానుల వైపు వున్నాయి. కాబట్టి ప్రజాప్రతినిధుల సభ చేసినదంతా ప్రజాహితమే, పైవాడు ఆపినదంతా ప్రజాద్రోహమే అని సూత్రం కట్టుకుంటే చరిత్ర ఒప్పుకోదు. మన ప్రశ్న ఆపడం తప్పా ఒప్పా అని కాదు. ఎట్లా ఆపితే ఒప్పు అని.

3

మన ప్రాంతానికి ఈ అధికారం దొరల పాలనతో వచ్చింది. కొన్ని విషయాల మీద బిల్లు ప్రవేశపెట్టడానికే వైస్రాయి ముందస్తు అనుమతి కావాలి. అస్పృశ్యులకు దేవాలయ ప్రవేశం కల్పించాలని మద్రాసు శాసనమండలిలో డాక్టరు సుబ్బరాయన్ తలపెట్టిన బిల్లుకు 1933 జనవరిలో వైస్రాయి విల్లింగ్డన్ అనుమతి నిరాకరించాడు. 1935 చట్టం వచ్చాక కూడా గవర్నరు తన విచక్షణ ప్రకారం సమ్మతించవచ్చు, నిరాకరించవచ్చు, గవర్నరు జనరల్‌కు పంపవచ్చు. ఈ గడపలన్నీ దాటి చట్టమైనదానిని కూడా బ్రిటిషు చక్రవర్తి పన్నెండు నెలల లోపల రద్దు చెయ్యవచ్చు.

జమీందారీ సమస్య మీద 1938లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతేగాని జమీందారు కాడన్నది దాని సారం. అప్పుడు మద్రాసు ప్రధానమంత్రి రాజగోపాలాచారి. 1939లో యుద్ధం కారణంగా మంత్రివర్గం రాజీనామా చేసింది, నివేదిక అటకెక్కింది. చల్లపల్లి, మునగాల వంటి జమీందారీలలో రైతులు పోరాడుతూనే వున్నారు. చివరకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టానికి 1949 ఏప్రిల్ 2న గవర్నరు జనరల్ సమ్మతి లభించింది. ఆనాటి గవర్నరు జనరల్ ఆ రాజగోపాలాచారే. పదేళ్ళ కిందట తన మంత్రివర్గం చెయ్యలేకపోయిన పనికి ఆయన హయాంలోనే ముద్ర పడింది. ఈ పదేళ్ళూ డెల్టాలో శిస్తులు ఆగలేదు, బేదఖళ్ళు ఆగలేదు. ఆలస్యం అందరికీ సమానంగా జరిగే నష్టం కాదు. భూమి చేతిలో వున్నవాడికి ఆలస్యం లాభం, భూమికోసం చూసేవాడికి ఆలస్యం ఆకలి.

రాజ్యాంగ రచన జరిగేటప్పుడు ఈ విషయం కొంత చర్చకు వచ్చింది. ముసాయిదాలో, రాష్ట్రపతి బిల్లును తిప్పి పంపదలిస్తే ఆరువారాలకు మించకుండా పంపాలని వుండేది. 1949లో డాక్టరు అంబేద్కరు సవరణతో ఆ ఆరువారాల గడువు పోయి 'వీలైనంత త్వరగా' అన్నమాట వచ్చింది. ఆరువారాలు కూడా ఎక్కువే, అంతకన్న త్వరగా జరగాలన్న సదుద్దేశంతోనే ఆ మార్పు జరిగిందనుకోవచ్చు. కాని అంకె పోయినచోట విశేషణం మిగిలింది. అంకెను లెక్కపెట్టవచ్చు, విశేషణాన్ని ఎంతైనా సాగదీయవచ్చు. భాష చదువుకున్నవాళ్ళం మనకు ఈ తేడా తెలియనిది కాదు.

రాష్ట్రాలు పంపే బిల్లుల విషయంలో 201వ అధికరణం ఆ విశేషణం కూడా పెట్టలేదు. రాష్ట్రపతి బిల్లును తిప్పి పంపితే శాసనసభ ఆరునెలల లోపల పునరాలోచించాలి. సభ మళ్ళీ అదే బిల్లును ఆమోదించినా రాష్ట్రపతి దానికి సమ్మతించి తీరాలని లేదు. ఎన్నికైన సభకు గడువున్నది. ఆ సభ మాట వినవలసినవారికి లేదు.

4

నిషేధాధికారాన్ని సమర్థించేవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. సభలు ఆవేశంలో పడతాయి. తాత్కాలిక ఆధిక్యతతో అల్పసంఖ్యాకుల మెడమీద కాలు పెడతాయి. ఒక్కసారి ఆగి ఆలోచించండి అని చెప్పగలిగిన మనిషి వుండాలి, అని వారు అంటారు. దీనికి మన దేశంలోనే నిదర్శనం వున్నది. 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లు, ప్రజల ఉత్తరాలను విప్పి చూడడానికి ప్రభుత్వానికి విస్తారమైన అధికారం ఇచ్చింది. జ్ఞానీ జైల్‌సింగ్ దాని మీద సంతకం చెయ్యలేదు. అది చట్టం కాలేదు. పౌరుల ఉత్తరాలు కాపాడబడ్డాయి. సంతోషమే. కాని ఆయన దానిని తిప్పి పంపలేదు, నిరాకరిస్తున్నానని ప్రకటించనూ లేదు. ఒక మంచి పని జరిగింది, చెయ్యరాని పద్ధతిలో. ఆ పద్ధతి మరొకరి చేతిలో చెడ్డ పనికీ అంత సులువుగానే పనికివస్తుంది.

కేరళ అనుభవం చూడండి. 1957లో అధికారానికి వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం విద్యా బిల్లు తెచ్చింది. ప్రైవేటు యాజమాన్యాల కింద నలిగే వుపాధ్యాయులకు వుద్యోగ భద్రత కల్పించడం దాని వుద్దేశాల్లో ఒకటి. రాష్ట్రపతి దానిమీద సుప్రీంకోర్టు సలహా అడిగారు. 1958లో కోర్టు అభిప్రాయం చెప్పింది, బిల్లును సవరించారు, 1959లో సమ్మతి లభించింది. మనకు ఆ ఫలితం పూర్తిగా నచ్చకపోవచ్చు. అయినా అక్కడ అభ్యంతరం బయటికి చెప్పారు, దానికి జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చారు. అదే ప్రభుత్వం 1959 జూన్‌లో ఆమోదింపజేసిన వ్యవసాయ సంబంధాల బిల్లుకు ఆ అదృష్టం లేదు. జులై ఆఖరున ప్రభుత్వాన్నే తొలగించారు. బిల్లును రాష్ట్రపతి 1960లో తిప్పి పంపారు. కొత్త సభ మార్పులు చేసి ఆమోదించగా 1961 జనవరిలో సమ్మతి వచ్చింది. కౌలుదారు ఏడాదిన్నర ఎదురుచూశాడు.

మన రాష్ట్రంలో దిశ బిల్లు మరో రకమైన పరీక్ష. స్త్రీలమీద ఘోరమైన అత్యాచారాలు జరిగినప్పుడు ఇరవైయొక్క రోజుల్లో దర్యాప్తు, విచారణ ముగించాలనీ, మరణశిక్ష విధించవచ్చుననీ 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నిర్ణయించింది. కేంద్రం సందేహాలు లేవనెత్తితే 2020లో సవరించి మళ్ళీ ఆమోదించింది. ఆ బిల్లు సవరించదలచిన శిక్షాస్మృతి స్థానంలో 2024 జులైలో కొత్త సంహిత వచ్చేవరకు కూడా సమ్మతి రాలేదు. ఈలోగా బిల్లు పేరుతో పోలీసు స్టేషన్లు వెలిశాయి, ఫోన్లలోకి యాప్ వచ్చింది. చట్టం మాత్రం రాలేదు. మూడువారాల్లో మనిషి ప్రాణం తీసే విచారణ న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ బిల్లును కాదనడమే సబబు. మరి కాదన్నది ఎవరు? కాదని చెప్పి వుంటే, ఎందుకు కాదో చెప్పి వుంటే, త్వరిత శిక్షకూ న్యాయానికీ తేడా ఏమిటో ఈ రాష్ట్రంలో పెద్ద చర్చ జరిగేది. ఆ చర్చ జరగనందుకు నష్టపోయింది ఆ చట్టం వస్తుందని నమ్మిన ఆడపిల్లలు.

భారతంలో సభాపర్వం మనకు పాఠ్యగ్రంథం. ద్రౌపది సభలో అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు, ద్రోణుడు తల వంచుకున్నాడు. అప్పుడు విదురుడు చెప్పిన నీతి, ధర్మం తెలిసి సభలో పలకనివాడికి ఆ అసత్య ఫలంలో సగం వాటా వుంటుందని. మన సామెత మౌనాన్ని సగం అంగీకారమన్నది, విదురుడు సగం పాపమన్నాడు. రెండిటికీ వైరుధ్యం లేదు. అధికారం లేనివాడి మౌనం నిస్సహాయత కావచ్చు. ఆపగల అధికారం వుండి పలకనివాడి మౌనం ఒక చర్య. ఆ చర్యకు అతడు బాధ్యుడు.

కాబట్టి నిరాకరణ నీతిమంతం కావాలంటే మూడు లక్షణాలు వుండాలి. నిరాకరించేవాడు కనబడాలి. కారణం చెప్పాలి. గడువులోగా చెప్పి, చివరి మాట ప్రజాప్రతినిధులకు వదలాలి. రోము ట్రిబ్యూను తలుపు తెరిచి వుంచుకోవడంలో మొదటిది వున్నది. అమెరికా రాజ్యాంగం రాతపూర్వకమైన కారణాలు అడగడంలో రెండోది వున్నది. మన ముసాయిదా నుంచి జారిపోయిన ఆరువారాల్లో మూడోదాని సగం వున్నది.

5

ఈ తగవు ఈ మధ్య కోర్టుకెక్కింది. తెలంగాణ శాసనసభ ఆమోదించిన పది బిల్లులు గవర్నరు దగ్గర ఆగిపోయాయని 2023లో ఆ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వాటిలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామకాల బిల్లు కూడా వున్నది. 'వీలైనంత త్వరగా' అన్న మాటలకు రాజ్యాంగంలో అర్థం వున్నదని 2023 ఏప్రిల్ 24న కోర్టు గుర్తుచేసింది. తర్వాత తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తులు మరి ముందుకు వెళ్ళారు. గవర్నరుకూ రాష్ట్రపతికీ గడువులు పెట్టి, ఆగిపోయిన పది బిల్లులకు సమ్మతి లభించినట్టే భావించాలన్నారు. అంటే మన సామెతను సగం నుంచి పూర్తికి పెంచారు. రాష్ట్రపతి ఈ విషయంపై పద్నాలుగు ప్రశ్నలతో సలహా కోరగా, అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 20న అభిప్రాయం చెప్పింది. కోర్టులు గడువులు విధించరాదు, మౌనాన్ని సమ్మతిగా భావించరాదు. అయితే గవర్నరు బిల్లును తిప్పి పంపకుండా వూరకే అట్టిపెట్టుకోరాదు. కారణం లేని దీర్ఘకాల నిష్క్రియ వుంటే, నిర్ణయం తీసుకోమని మాత్రం కోర్టు చెప్పవచ్చు.

మౌనాన్ని సమ్మతిగా మార్చడం న్యాయమూర్తుల పని కాదన్న వాదంలో బలమున్నది. ఎవరూ ఎన్నుకోని గవర్నరు స్థానంలో ఎవరూ ఎన్నుకోని న్యాయమూర్తిని కూర్చోబెడితే ప్రజాస్వామ్యం పెరగదు. పోయిన ఆరువారాలను తిరిగి తేవలసినది పార్లమెంటు, రాజ్యాంగ సవరణ ద్వారా. అది అసాధ్యమేమీ కాదు. రాజ్యాంగ సవరణ బిల్లులకు రాష్ట్రపతి సమ్మతి ఇచ్చి తీరాలని 1971లో 24వ సవరణ నిర్ణయించింది. తన చేతిలోని ఆ అధికారాన్ని వదులుకుంటూ సంతకం చేసిన రాష్ట్రపతి కార్మికోద్యమంలో పెరిగిన మన వి.వి. గిరి.

6

కొందరు మిత్రులు ఇదంతా పైపై తగవు అంటారు. సంతకం ఎవరు పెడితేనేం, పెట్టకపోతేనేం, భూమి భూస్వామి దగ్గరే వుంటుంది గదా అని వారి ప్రశ్న. డెల్టా చరిత్ర వారి పక్షాన కొంత సాక్ష్యం చెబుతుంది.

1961 నాటి భూపరిమితి చట్టం ప్రాంతాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా వుంచుకోనిచ్చింది. అది పరిమితి పేరుతో ఇచ్చిన అభయం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా వుండగా 1972లో వచ్చిన బిల్లు దానిని మాగాణిలో 10 నుంచి 27 ఎకరాలకూ, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలకూ కుదించింది. రాష్ట్రపతి సమ్మతి వుంటేనే ఇటువంటి చట్టాలకు 31ఎ అధికరణం రక్షణ దొరుకుతుంది కాబట్టి బిల్లు ఢిల్లీకి వెళ్ళింది. 1973 జనవరి 1న గిరి సమ్మతి లభించింది. ఇంత త్వరగా వచ్చిన సంతకం అరుదు. కాని ఆ జనవరిలోనే, జై ఆంధ్ర ఉద్యమం నడుమ, పి.వి. మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఉద్యమానికి ముల్కీ నిబంధనల తీర్పు ప్రత్యక్ష కారణమే అయినా, కోస్తా భూస్వాములకు సీలింగు భయం ఎంత వుండిందో అందరికీ తెలుసు. చట్టం అమలులోకి వచ్చినది 1975 జనవరి 1న. సంతకానికీ అమలుకూ మధ్య సరిగ్గా రెండేళ్ళు.

1971 జనవరి 24 తర్వాతి బదిలీలను శంకించవచ్చునని చట్టమే చెప్పింది. అయినా పాత తేదీల కాగితాలు పుట్టాయి, పంపకాలు పుట్టాయి, పాలేళ్ళ పేర్లమీద వాళ్ళకే తెలియని పట్టాలు పుట్టాయి. రాష్ట్రపతి వీటో చెయ్యని చట్టాన్ని కచేరీ సావిట్లో వీటో చేశారు. దానికి 'కాదు' అనే మాట అవసరం లేకపోయింది.

ఈనాటి కౌలు రైతు సంగతీ అంతే. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇచ్చింది. ఆ కార్డుతో పంట రుణం, నష్టపరిహారం అడగవచ్చు. కాని ఒప్పందం మీద భూమి యజమాని సంతకం చెయ్యాలి. గవర్నరు సమ్మతించిన చట్టం ఆ సంతకం దగ్గర ఆగింది. యజమాని కాదనడు. 'చూద్దాంలే, ఈ పంట పోనీ' అంటాడు. ఈలోగా కాలవలకు నీళ్ళు వదులుతారు, నారుమళ్ళు పడతాయి, కౌలు రైతు వడ్డీకి అప్పు తెస్తాడు. రాజుగారు ఆలోచిస్తూనే వుంటారు.

అయితే దీనినుంచి పై సంతకం అప్రధానమని తేల్చడం పొరపాటు. కింద బినామీ కాగితాలు పుట్టడానికి కావలసినది కాలం. పైవారి మౌనం ఆ కాలాన్ని ఇస్తుంది. రాష్ట్రపతి భవనంలో ఆగిన బిల్లుకూ, యజమాని ఇంటి అరుగుమీద ఆగిన ఒప్పందానికీ స్వభావంలో తేడా లేదు. రెండుచోట్లా బలమున్నవాడు నిరాకరిస్తూ, నిరాకరించానన్న నింద పడకుండా తప్పించుకుంటున్నాడు. అందుచేత రెండుచోట్లా మన కోర్కె ఒకటే కావాలి. గడువు, కారణం, పేరు. బిల్లు ఏ రోజున వెళ్ళింది, ఎవరి దగ్గర వున్నది, ఎందుకు ఆగింది అన్నది శాసనసభ ప్రతి సమావేశంలోనూ చదివి వినిపించాలి. కౌలు ఒప్పందానికి యజమాని నిర్ణీత రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే గ్రామసభ ఎదుట విచారించి కార్డు ఇవ్వాలి. పేదవాడితో వ్యవహారంలోనైనా ఆ పాత సామెతను బలవంతుడిమీద అమలు జరపడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. రాష్ట్ర శాసనసభ చేసే చిన్న సవరణ చాలు. ఆ సవరణ కూడా ఒక సంతకం కోసం వెళుతుంది. అది ఏ తేదీన వెళ్ళిందో రాసి పెట్టుకోవడం మన పని.